మామూ కిష్తీలో రెండు బ్యాటరీలు

మన ఖాందాన్లలో బుజుర్గులు అమెరికాలో కొడుకుల దగ్గరికి వెళ్లాక వాళ్ల రోజు ఎలా గడుస్తుందో మీలో చాలామందికి తెలుసు. ఫజర్ తర్వాత కిటికీ, జుహర్ దాకా యూట్యూబు, అసర్ తర్వాత మళ్లీ కిటికీ. కోడలు ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు. నడిచి వెళ్దామంటే మసీదు దూరం. మా చిన్న మామూ కూడా డల్లాస్ దగ్గర కొడుకు ఇంట్లో మొదటి రెండేళ్లు అలాగే గడిపారు. ఫోన్ చేస్తే "ఖైరియత్ హై బేటా" అనేవారు. ఆ తర్వాత చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ ఉండేది కాదు.

ముప్పై ఏళ్లు కర్నూలులో లారీల కరెంటు పని చేసిన మనిషి ఆయన. డైనమో, సెల్ఫ్, బ్యాటరీ, హెడ్‌లైటు... చీకట్లో తీగ పట్టుకుని ఇది ఎక్కడికి పోతుందో చెప్పగలడు. జుమా రోజు దుకాణం మూసేసి కె.సి. కెనాల్ గట్టు మీదో, తుంగభద్ర ఒడ్డునో గాలం వేసుకుని కూర్చునేవారు. చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్లేవారు. వానపాముల డబ్బా పట్టుకోవడం నా జిమ్మేదారీ.

మూడో ఏడాది పక్కింటి ముసలాయన ఇల్లు అమ్మి వేరే ఊరు పోతూ తన పాత అల్యూమినియం పడవను చవగ్గా ఇస్తానన్నాడు. 14 అడుగుల పొడవు, అడుగు భాగం చదును. వాళ్ల ఇంటికి దగ్గర్లోని చెరువులో పెట్రోలు ఇంజిన్లకు ఇజాజత్ లేదు, బ్యాటరీ మోటరుకే ఉంది. బ్యాటరీ అన్న మాట వినగానే మామూ కళ్లు ఎలా వెలిగాయో ముమానీ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. టెక్సాస్‌లో మోటరున్న పడవ ఎంత చిన్నదైనా రిజిస్టర్ చేయించాలి. మామూ కొడుకు ఆ కాగితాలన్నీ పూర్తి చేశాడు. ఆ తర్వాత మామూ ఫోన్లు మారిపోయాయి. గాలి ఎటు వీచింది, నీళ్లెంత లోతు, ఏ చేప పడింది... ఆయన చెబుతుంటే నేనే "మామూ, ఆఫీసుకు టైమైంది" అనాల్సి వచ్చేది.

ఆ మోటరు గురించి రెండు మాటలు. దాన్ని ట్రోలింగ్ మోటర్ అంటారు. కర్ర లాంటి గొట్టం చివర నీళ్లలో మునిగి ఉండే చిన్న మోటరు, దానికో పంకా. అమెరికాలో ఇది కొత్తదేమీ కాదు. మిన్ కోటా అనే కంపెనీ 1934లోనే నార్త్ డకోటాలోని ఫార్గోలో మొదలైంది. మిన్నెసోటా, డకోటా పేర్లు కలిపితే ఆ పేరు. మామూ పడవకున్నది 12 వోల్టులది, 55 పౌండ్ల తోపు శక్తి గలది. ఫుల్ స్పీడులో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. మెల్లగా పోతే అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు.

ఇక పడవ మీద ఉన్న మిగతా షౌక్‌లు: నీటి కింద చేపలను చూపించే తెర, అంటే ఫిష్ ఫైండర్. పట్టిన చేపలు బతికి ఉండేందుకు డబ్బాలోకి నీళ్లు తిప్పే పంపు. ముందు ఎరుపు-ఆకుపచ్చ, వెనక తెల్ల దీపం. ఫోన్ ఛార్జింగ్ కోసం పాత యజమాని బిగించిన ఒక ఇన్వర్టర్. అన్నిటికీ కలిపి ఒక్కటే సీసం బ్యాటరీ, 100 ఆంపియర్ అవర్లది. మోటరూ దాని మీదే, దీపమూ దాని మీదే, ఫోనూ దాని మీదే.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం మామూ అవతలి ఒడ్డున ఉండగా గాలి ఎదురు తిరిగింది. మగ్రిబ్ లోపు ఇంటికి చేరాలని మోటరు ఫుల్‌లో పెట్టారు. పది నిమిషాలకు ఫిష్ ఫైండర్ తెర ఆరిపోయి మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. పంకా నెమ్మదించింది. దీపాలు చిమ్నీలో నూనె అయిపోయినట్టు ఎర్రబారాయి. ఫోన్ తీస్తే 3 శాతం. రోజంతా ఇన్వర్టర్‌కు తగిలించే ఉంది, కానీ ఆ ఇన్వర్టర్ వోల్టేజి తగ్గగానే తనంతట తానే ఆగిపోయి చాలాసేపైంది. కొడుక్కి ఒక్క రింగు వెళ్లింది, ఫోన్ పోయింది. ఆ ఒక్క రింగు తర్వాత గంటన్నర సేపు ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను రాయను. తండ్రి నీళ్లలో, ఫోన్ బంద్, బయట చీకటి. మామూ చేతి తెడ్డుతో కొంత, ఒక కయాక్ కుర్రాడు తాడు కట్టి లాగితే కొంత, మొత్తానికి ఒడ్డు చేరారు. అల్హందులిల్లాహ్, చలి జ్వరంతో పోయింది.

మర్నాడు తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "భాయీజాన్, అబ్బాకు మీరు చెప్పండి. కిష్తీ అమ్మేస్తున్నా." గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ. ఆ తర్వాత మామూ ఫోన్: "అమ్మితే అమ్మనీ బేటా, వాడి పైసా. కానీ ఖరాబీ ఎక్కడుందో చూడకుండా లారీ అమ్మిన మిస్త్రీని నేను కాదు." నేను ఇద్దరి మాటా విన్నాను, ఎవరికీ హుకుం ఇవ్వలేదు. పడవ గరాజులో టార్పాలిన్ కింద చేరింది. మామూ మళ్లీ కిటికీ దగ్గర చేరారు.

మేలో మామూ మనవరాలి నికాహ్‌కని నేను మూడు వారాలు వెళ్లాను. వలీమా సందడి తగ్గాక మామూ నన్ను గరాజులోకి పిలిచి ఒక నోట్‌బుక్ చేతిలో పెట్టారు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆయన ఖామోష్‌గా కూర్చోలేదు. ఒక్కొక్క సామాను విప్పి టేబుల్ మీద పెట్టి, మీటరు తగిలించి, అది ఎంత తింటుందో రాసుకున్నారు. అంతా ఉర్దూలో, పెన్సిల్‌తో, కుడి నుంచి ఎడమకు.

"వాడికి చూపించలేదా?"

"చూపించా. వాడికి ఏం అర్థమవుతుంది!"

తమ్ముడు ఇంగ్లీషు మీడియం. దక్నీ మాట్లాడతాడు, లిపి రాదు. ఉర్దూ అంకెల్లో 5 గుండ్రంగా ఉంటుంది, వాడు దాన్ని సున్నా అనుకున్నాడు. 15 అని తండ్రి రాసింది వాడికి 10గా కనిపించింది, 5 అన్నది సున్నాగా. ఏమీ తినని సామానుకు కూడా అబ్బా ఒక లైను రాశారేమిటని, ఉమర్ పైబడిందని అనుకున్నాడట. ఆ ఆదివారం వాడిని స్టూలు మీద కూర్చోబెట్టి నేను నోట్‌బుక్ చదివాను, తెలుగులో. వాడు లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాడు.

ఉర్దూ మీడియంలో సైన్స్ చదివినవాళ్లకు ఆ మాటలు గుర్తుండాలి: బర్ఖీ రౌ, ముజాహమత్, ముస్బత్, మన్ఫీ. డిగ్రీ తెలుగులో చేసేటప్పుడు అవే మాటలు విద్యుత్ ప్రవాహం, నిరోధం, ధన, రుణ అయి నా ముందుకొచ్చాయి. బ్యాటరీకి ఒక కొమ్ము ధనం, ఇంకో కొమ్ము రుణం అన్నప్పుడు నాకు అప్పట్లోనే నవ్వొచ్చింది, షావుకారు దుకాణం ఖాతాలాగా ఉందని. మామూ నోట్‌బుక్ నిజంగానే ఖాతా పుస్తకం.

ఆమ్దనీ: 100 ఆంపియర్ అవర్లు. కానీ సీసం బ్యాటరీని సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తరుగుతుంది, కాబట్టి ఖర్చు పెట్టుకోదగ్గది 50. ఖర్చు, ఆరు గంటల షికారుకు: పంపు గంటకు రెండున్నర చొప్పున 15. ఫిష్ ఫైండర్ 5. ఇన్వర్టర్ 6. పాతకాలం బల్బుల దీపాలు 2. వెరసి 28. వెళ్లేటప్పుడు, అక్కడక్కడ తిరిగేటప్పుడు మోటరు మెల్లగా తిన్నది సుమారు 15. అంటే గాలి తిరిగిన వేళకు ఆ 50లో మిగిలింది 7. ఫుల్ స్పీడులో అది పది నిమిషాలు కూడా రాదు. పైగా సీసం బ్యాటరీ నుంచి ఎంత జోరుగా లాగితే అంత తక్కువ ఇస్తుంది. సగం గీత దాటాక వోల్టేజి జారుతూ పోతుంది, దానితో పాటు మిగతా అన్నీ.

తమ్ముడు స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయాడు. "మోటర్ తినేసిందనుకున్నా," అన్నాడు చివరికి. "చిల్లర తినేసింది."

చిల్లరలోకెల్లా ఫుజూల్ ఖర్చు ఇన్వర్టర్. 12 వోల్టుల కరెంటును అది 110 చేస్తుంది, ఫోన్ ఛార్జర్ మళ్లీ దాన్ని 5 చేస్తుంది. రెండు మార్పుల్లోనూ కొంత వేడిగా పోతుంది. ఫోన్ తగిలించకపోయినా స్విచ్ వేసి ఉంటే చాలు, అది తన కూలీ తాను తీసుకుంటూనే ఉంటుంది. దాని బదులు 12 వోల్టులకు నేరుగా బిగించే యూఎస్‌బీ సాకెట్ ఉంటే సగం ఖర్చుతో పోతుంది. మామూ ఇన్వర్టర్‌ను అప్పటికే విప్పి అటక మీద పడేశారు. దీపాలకు ఎల్‌ఈడీలు పెట్టాలని రాసుకున్నారు.

కానీ నోట్‌బుక్‌లో ఆయన రెండు సార్లు గీత గీసిన లైను వేరే. పొదుపు ఎంత చేసినా అన్నిటికీ ఒకే జేబు ఉన్నంతకాలం ఖతరా పోదు. దీపమూ ఫోనూ మోటరు ఆకలి మీద ఆధారపడకూడదు. వేరే బ్యాటరీ కావాలి, చిన్నదైనా సరే, మోటరు తీగ దాన్ని తాకకూడదు. ఇది విని ముమానీ వంటింట్లోంచి, "నేను మెహమాన్ల డబ్బా వేరే పెట్టుకోలేదా నలభై ఏళ్లు? అడిగితే అప్పుడే చెప్పేదాన్ని," అంది.

తమ్ముడికి ఇంకో ఆలోచన వచ్చింది. ఇలాంటి కుర్రాళ్లకు వస్తుంది. ఎలాగూ రెండో బ్యాటరీ కొంటున్నాం కదా, రెండూ వరసగా కలిపి 24 వోల్టులు చేసి పెద్ద మోటరు పెడదాం, చిన్న సామాన్లకు 12 కావాలంటే రెండింట్లో ఒకదాని మీద నుంచి తీసుకుందాం అని. మామూ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారు. "నక్కో బేటా." లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 అవుతాయి. డ్రైవర్లు పాటల టేప్ కోసం ఒక్క బ్యాటరీ మీద నుంచే 12 లాక్కునేవారు. ఆ ఒక్కటీ రోజూ కొంచెం ఎక్కువ ఖాళీ అవుతుంది, ఛార్జింగ్ మాత్రం రెండిటికీ సమానంగా వస్తుంది. అది ఎప్పుడూ నిండదు, రెండోది అతిగా ఉడుకుతుంది. ఆరు నెలలకు టేప్ మోసిన బ్యాటరీ ముందు పోతుంది, దానితో జత కట్టిన పాపానికి రెండోదీ పాడవుతుంది. "ఇద్దరు భాయిలు సంసారం మోస్తుంటే పక్కింటి మూట కూడా ఒకడి మీదే పెట్టినట్టు," అన్నారు. కర్నూలు బళ్లారి చౌరస్తాలో ఆయన ఎన్ని జతల బ్యాటరీలు అలా పోగా చూశారో!

అయితే ఒక చోట కొడుకు మాటే నెగ్గింది. లారీకి చాసీయే మన్ఫీ. ముస్బత్ తీగ ఒకటి దీపం దాకా లాగితే చాలు, రెండో కొన బాడీకి బిగిస్తే కరెంటు ఇనుము గుండా తిరిగి వస్తుంది. ముప్పై ఏళ్ల ఆదత్ అది. పడవ కూడా లోహమే కదా, తీగ ఖర్చు సగం తగ్గుతుందని మామూ లెక్క. తమ్ముడు పడవ వైరింగ్ నియమాలు చదివి వచ్చాడు. అల్యూమినియం పడవలో బాడీ గుండా కరెంటు పోనివ్వకూడదు. నీళ్లలో మునిగిన అల్యూమినియంలోకి చాటుగా కరెంటు పారితే లోహం కొద్దికొద్దిగా కరిగి గుంటలు పడుతుంది, చివరికి చిల్లి. ప్రతి సామానుకూ రెండు తీగలు, రెండూ బ్యాటరీ దాకా రావాలి. మామూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నోట్‌బుక్ అడిగి తీసుకుని, ఆ లైను కొట్టేసి, పక్కన రాసుకున్నారు. ఏం రాశారని తమ్ముడు నన్నడిగాడు. "తీగ డబుల్, వీడు చెప్పింది కరెక్ట్" అని ఉంది. చదివి వినిపించాను. వాడు లేచి నీళ్లు తాగడానికి లోపలికి పోయాడు.

తర్వాత పది రోజులు ఆ ఇద్దరి గుఫ్తగూ వినడానికే నేను గరాజులో కూర్చున్నాను. ఫ్యూజు దగ్గర వాదం లేదు, ఇద్దరిదీ ఒకే మాట. ఫ్యూజు ఉండేది సామానును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. కాబట్టి అది బ్యాటరీ ముస్బత్ కొమ్ముకు దగ్గరగా ఉండాలి. అమెరికా పడవల నియమం ప్రకారం 7 అంగుళాల లోపు. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి కలిసిందంటే దాన్ని ఆపేవాడు ఎవడూ ఉండడు. తర్వాత ఒక్కో శాఖకూ దాని సైజు ఫ్యూజు వేరే. మోటరు తీగకు 60 ఆంపియర్ల బ్రేకరు, అది దాని సొంతం.

తీగ లావు దగ్గర మామూ మీటరు మాట్లాడింది. వెనకనున్న బ్యాటరీ నుంచి ముందున్న దీపానికి 14 అడుగులు, తిరిగి రావడానికి 14. పాత యజమాని సన్న తీగ వేశాడు. పంపూ దీపాలూ కలిపి 5 ఆంపియర్లు పోతుంటే అర వోల్టు పైగా దారిలోనే తీగ మింగేస్తోంది. నిండు బ్యాటరీ మీద అర వోల్టు ఎవరికీ కనబడదు. బ్యాటరీ దిగిపోయిన సాయంత్రం అదే అర వోల్టు తెర ఆరిపోవడానికీ ఆరకపోవడానికీ మధ్య తేడా. తొమ్మిదో తరగతిలో మా మాస్టారు సాబ్ బోర్డు మీద ముజాహమత్ అని రాసి, తీగ ఎంత పొడవైతే అంత ఎక్కువ, ఎంత లావైతే అంత తక్కువ అని బట్టీ పట్టించారు. అది ఒక మనిషి ఇంటికి చేరడానికి సంబంధించిన సంగతని అప్పుడు తోచలేదు. తగరం పూత ఉన్న లావు తీగ తెచ్చారు, లగ్గులు క్రింప్ చేసి పైన స్లీవు కరిగించి బిగించారు. మామూ ప్రతి లగ్గునూ గట్టిగా లాగి చూశారు. ఒకటి ఊడింది. తమ్ముడిది.

రెండో బ్యాటరీ ఏ రకం అన్నది పెద్ద బహస్. తమ్ముడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అన్నాడు. 30 ఆంపియర్ అవర్లది మూడున్నర, నాలుగు కిలోలు ఉంటుంది, మామూ ఒక్క చేత్తో ఎత్తుకోవచ్చు. సీసం పెద్దది ఎత్తాలంటే 28 కిలోలు. పైగా దీన్ని దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు. మామూకు దాని మీద నమ్మకం కుదర్లేదు. ఎందుకో చెప్పారు: "సీసం బ్యాటరీ నాలాంటి ముసలోడు. అలిసిపోయా, అలిసిపోయా అని చెబుతూ చెబుతూ ఆగుతుంది. ఇది జవాను. ఠీక్ హూ, ఠీక్ హూ అంటుంది, అంటూ అంటూ పడిపోతుంది." అక్షరాలా నిజం. లిథియం వోల్టేజి చివరిదాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, లోపలి సర్క్యూట్ ఒక హద్దు రాగానే చప్పుడు లేకుండా కత్తిరించేస్తుంది. వోల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. అందుకని వచ్చే ఆంపియర్లూ పోయే ఆంపియర్లూ లెక్కపెట్టే చిన్న మీటరు కూడా కొన్నారు. అది చూశాక మామూ మెత్తబడ్డారు. ఆయనకు హిసాబ్ కనిపిస్తే చాలు.

ఈ బ్యాటరీ పుట్టుక టెక్సాస్‌లోనే. ఆస్టిన్ యూనివర్సిటీలో జాన్ గుడెనఫ్ బృందం, అందులో అక్షయ పాధి అనే హిందుస్తానీ పరిశోధకుడు, ఈ ఐరన్ ఫాస్ఫేట్ సంగతి 1997లో ప్రచురించారు. గుడెనఫ్ సాబ్‌కు అప్పటికి డెబ్బై దాటింది. 2019లో 97 ఏళ్ల ఉమర్‌లో నోబెల్ తీసుకున్నాడు. ఇది చెబితే మామూ బ్యాటరీని చేతిలో తిప్పి చూసి, "బుజుర్గ్ కా కామ్ హై" అని దాని మీద చెయ్యి తట్టారు. ఇక అభ్యంతరం లేదు. దీని ఛార్జర్ వేరే, సీసం ఛార్జర్ పెట్టకూడదు. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేయకూడదు. అది కూడా ఉర్దూలో గరాజు గోడ మీద రాసి అంటించారు.

అనుకోని లాభం ఒకటి దొరికింది. పాత రోజుల్లో మోటరు తిప్పగానే ఫిష్ ఫైండర్ తెర నిండా గీతలు, చుక్కలు. మామూ దాన్ని చేపల గుంపు అనుకుని గాలం వేసిన రోజులున్నాయట. మోటరు స్పీడు తగ్గించే సర్క్యూట్ కరెంటును సెకనుకు వేల సార్లు ఆపి వదులుతుంది. ఆ కుదుపు ఒకే బ్యాటరీ తీగల మీదుగా తెరలోకి ఎక్కేది. బ్యాటరీ వేరు చేసి, తెర తీగను మోటరు తీగకు దూరంగా అవతలి అంచు వెంట తీసుకెళ్లేసరికి తెర చెరువు నీళ్లలా తేటపడింది.

నేను బయల్దేరే ముందు శనివారం ముగ్గురం వెళ్లాం. తమ్ముడి షరతులు మూడు: లైఫ్ జాకెట్ విప్పకూడదు, ఫోన్ ఏ తీగకూ తగిలించకుండా తడవని సంచిలో సొంత పవర్ బ్యాంకుతో ఉండాలి, మోటరు బ్యాటరీ మూడో వంతు పోగానే పడవ తిరగాలి. మామూ మూడింటికీ "హౌ" అన్నారు. నాలుగు గంటలు నీళ్ల మీద ఉన్నాం. మగ్రిబ్ వేళకు దీపాలు వేసి వెనక్కి వచ్చాం. ముందు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు, మూడూ నిలకడగా. ఒడ్డుకు చేరాక చిన్న బ్యాటరీ మీటరు 30లో 15 మిగిలిందని చూపించింది. తమ్ముడు ఆ అంకెను ఫోన్‌లో ఫోటో తీశాడు. మామూ నోట్‌బుక్‌లో ఉర్దూ 15 వేస్తుంటే భుజం మీదుగా చూసి, "ఇది పదిహేనే కదా అబ్బా?" అన్నాడు.

టార్పాలిన్ ఇప్పుడు పడవ మీద లేదు, మామిడి మొక్క కుండీకి నీడగా కట్టారు. ప్రతి వారం నాకు మీటరు ఫోటో వస్తుంది. ఒక పంచాయితీ మాత్రం తెగలేదు. ఆ ఖర్చయిన 15లో 10 పంపుదే. పంపు తీసేస్తే రోజంతా నిశ్చింత. తమ్ముడు ఐస్ పెట్టె చాలంటున్నాడు, చేపకు జబీహా కూడా అక్కర్లేదు కదా అని మసలా చెబుతున్నాడు. ముమానీ మాత్రం బతికున్న చేపే కావాలంటోంది, ఐస్‌లో పెట్టిన దాని పులుసు పులుసే కాదని. పోయిన వారం మామూ పంపుకు టైమర్ బిగించారు, ఐదు నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగేలా. చేపలు ఒప్పుకుంటాయో లేదో ఈ ఆదివారం తెలుస్తుంది.